బట్టలు తప్పనిసరి కాని వేడినీటి బుగ్గల విడిదికి మొదటిసారి వెళ్లడం ఎలా?

అమెరికా పశ్చిమ రాష్ట్రాలలో, ముఖ్యంగా కాలిఫోర్నియా, ఒరెగాన్, వాషింగ్టన్, కొలరాడోలలో, భూగర్భం నుండి వేడినీరు ఉబికి వచ్చే చోట్ల ఎన్నో విడిదులు వెలిశాయి. వాటిలో కొన్నింటికి ‘క్లోతింగ్ ఆప్షనల్’ అన్న పేరుంది. అక్కడి కొలనులలోకి ఈత దుస్తులతో దిగవచ్చు, ఏమీ లేకుండానూ దిగవచ్చు. ఏది చేసినా ఎవరూ కారణం అడగరు. ఈ సంగతి మొదటిసారి విన్నవారికి సాధారణంగా రెండు అనుమానాలు కలుగుతాయి. అందరూ తననే చూస్తారేమోనన్నది ఒకటి, అసలు అక్కడ జరిగేది స్నానం కాదేమోనన్నది మరొకటి. సరిగా నడిచే విడిదిలో ఈ రెండింటికీ తావుండదు. పెద్దవారు, నడివయసువారు, యువతీయువకులు మెడ వరకు నీటిలో మునిగి, కళ్లు మూసుకుని, పెదవి విప్పకుండా కూర్చుని ఉండే దృశ్యమే అక్కడ ఎక్కువసేపు కనబడుతుంది. ఆ ప్రశాంతత నియమాల వల్ల, వాటిని మనసుపెట్టి పాటించే మనుషుల వల్ల నిలుస్తోంది. అందుకే అక్కడికి వెళ్లదలచుకున్నవారు సగం పనిని ఇంట్లోనే, బయలుదేరకముందే, పూర్తి చేసుకోవాలి.

ముందుగా చోటు ఎంచుకోండి

‘బట్టలు ఐచ్ఛికం’ అన్న మాట అన్నిచోట్లా ఒకే అర్థంలో వాడరు. కాలిఫోర్నియాలో మిడిల్‌టౌన్ దగ్గరి హార్బిన్ హాట్ స్ప్రింగ్స్, ఒరెగాన్‌లో డెట్రాయిట్ అనే చిన్న ఊరికి సమీపంలోని బ్రైటెన్‌బుష్, కొలరాడోలో రిడ్జ్‌వే దగ్గరి ఆర్విస్, అదే రాష్ట్రంలో శాన్ లూయిస్ లోయ అంచున ఉన్న వ్యాలీ వ్యూ వంటి చోట్ల స్నానపు కొలనుల దగ్గర ఈ వెసులుబాటు పగలూ రాత్రీ ఉంటుంది. కొలరాడోలోనే స్టీమ్‌బోట్ స్ప్రింగ్స్ ఊరి పైనున్న స్ట్రాబెరీ పార్క్‌లో మాత్రం పగలు ఈత దుస్తులు తప్పనిసరి. చీకటి పడ్డాక పిల్లలను అనుమతించరు, అప్పటి నుండి బట్టలు ఐచ్ఛికం. జపాన్‌లోని ఒన్సెన్ స్నానశాలలు, జర్మనీలోని చాలా ఆవిరి స్నానశాలలు దీనికి భిన్నమైనవి. అక్కడ బట్టలు విప్పడం ఐచ్ఛికం కాదు, నియమం. ఈత దుస్తులతో నీటిలోకి దిగితేనే తప్పు పడతారు. మీరు వెళ్లబోయేది ఏ తరహా చోటో ముందే తెలుసుకుంటే, గుమ్మం దగ్గర ఇబ్బంది పడే అవసరం ఉండదు.

మొదటిసారి వెళ్లేవారు సిబ్బంది ఉన్న, ప్రవేశ రుసుము తీసుకునే, నియమాలను రాసిపెట్టుకున్న ప్రైవేటు విడిదినే ఎంచుకోవాలని నా గట్టి అభిప్రాయం. అడవిలోనో రహదారి పక్కనో ఉండే బుగ్గలు ఉచితమే కావచ్చు, అందమైనవీ కావచ్చు. కానీ అక్కడ ఎవరైనా హద్దు దాటితే చెప్పుకోవడానికి మనిషి ఉండడు. వారాంతాలు వదిలి, మంగళ బుధవారాలలో వెళ్లగలిగితే ఇంకా మంచిది. జనం పలుచగా ఉన్నప్పుడు మీరు కోరుకున్న మూలలో కూర్చోవచ్చు, మొదటి పది నిమిషాల బెరుకు కూడా తొందరగా తీరుతుంది.

ఈ విడిదులు చాలావరకు అడవుల మధ్య, కొండల మీద ఉన్నాయి కనుక రెండు విషయాలు తప్పక చూసుకోవాలి. ఒకటి కార్చిచ్చు. 2015 సెప్టెంబరులో వచ్చిన ‘వ్యాలీ ఫైర్’ అనే కార్చిచ్చులో హార్బిన్‌లోని భవనాలు దాదాపుగా అన్నీ కాలిపోగా, కొలనులు తిరిగి తెరుచుకోవడానికి 2019 వరకు పట్టింది. 2020 సెప్టెంబరు మంటల్లో బ్రైటెన్‌బుష్ కూడా ఎన్నో కట్టడాలను పోగొట్టుకుంది. అందువల్ల పాత యాత్రికుల వర్ణనలను నమ్ముకుని వెళ్లకుండా, ఇప్పుడు ఏయే కొలనులు, ఏయే గదులు పనిచేస్తున్నాయో విడిది వారి నుండే తెలుసుకోండి. వేసవి చివరలో బయలుదేరే రోజు ఉదయం దారి, పొగ పరిస్థితి కూడా చూసుకోండి. రెండవది ఎత్తు. పైన చెప్పిన కొలరాడో బుగ్గలు సముద్రమట్టానికి దాదాపు ఏడు వేల అడుగుల ఎత్తునో, అంతకంటే పైనో ఉంటాయి. అక్కడ ఎండ తీవ్రంగా తగులుతుంది, ఒంట్లో నీరు త్వరగా తగ్గుతుంది, శీతాకాలంలో దారి మంచుతో నిండిపోతుంది. స్ట్రాబెరీ పార్క్‌కు చలికాలంలో నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే (ఫోర్ వీల్ డ్రైవ్) బండి గానీ, టైర్లకు మంచు గొలుసులు గానీ లేకుండా వెళ్లడం కుదరదు.

బుక్ చేసే ముందు నియమాలన్నీ చదవండి

ప్రతి విడిదికీ ఒక నియమావళి ఉంటుంది. దాన్ని టికెట్ల వెనుక ఉండే చిన్న అక్షరాలలా దాటవేయకండి. ఒక్క పూట వచ్చిపోయేవారిని అనుమతిస్తారా, రాత్రి బస తప్పనిసరా, సభ్యత్వ రుసుము వేరుగా ఉందా, పిల్లలను తీసుకురావచ్చా, మద్యం విషయంలో నియమం ఏమిటి, ఏ కొలను దగ్గర మౌనం పాటించాలి, బట్టలు ఐచ్ఛికమన్నది కొలనుల వరకేనా లేక ఆవరణ అంతటికీ వర్తిస్తుందా అన్నవి చూసుకోవలసిన ముఖ్యాంశాలు. భోజనశాల, కార్యాలయం, నడక దారుల దగ్గర బట్టలు వేసుకోమని చాలా విడిదులు కోరతాయి. మనుషుల సంఖ్యకు పరిమితి పెట్టేచోట్లు కూడా ఉన్నాయి. వాషింగ్టన్‌లోని గోల్డ్‌మయర్ బుగ్గల దగ్గరకు రోజుకు ఇరవై మందినే రానిస్తారు. అక్కడికి చేరడానికి అడవి దారిలో మైళ్లకొద్దీ నడవాలి కూడా. భోజనం సంగతి ముందే అడిగి తెలుసుకోవడం మంచిది. బ్రైటెన్‌బుష్‌లో వడ్డించేది శాకాహారమే కనుక మాంసాహారం తినని మనవారికి అది సౌకర్యంగా ఉంటుంది. కొన్ని విడిదులలో మాత్రం వంటిల్లు, పొయ్యి ఇచ్చి, సరుకులు మనల్నే తెచ్చుకోమంటారు.

ఎవరితో వెళ్తున్నారన్నది చోటు ఎంపికంత ముఖ్యమైన విషయం. భార్యాభర్తలు వెళ్తుంటే, ఎవరికి ఎంతవరకు ఇష్టమో ఇంటి దగ్గరే నిదానంగా మాట్లాడుకోండి. ఒకరు ఈత దుస్తులతో ఉండి, మరొకరు లేకుండా ఉండటంలో ఏ తప్పూ లేదు. అలాంటి జంటలు అక్కడ మామూలుగానే కనిపిస్తారు. తప్పు ఎక్కడుందంటే, ‘ఇంతదూరం వచ్చి ఇంకా సిగ్గేమిటి’ అని పక్కవారిని ఒత్తిడి చేయడంలో ఉంది. ఆ మాట అనబోనని వెళ్లేముందే ఒకరికొకరు చెప్పుకోవడం మంచిది. స్నేహితుల బృందంతో వెళ్లేవారు కూడా ఇదే పాటించాలి. ఆఫీసులో కలిసి పనిచేసేవారితో మొదటిసారి వెళ్లవద్దని మాత్రం సలహా ఇస్తాను. మరుసటి సోమవారం మీటింగులో ఎదురెదురుగా కూర్చోవలసిన మనుషుల మధ్య ఆ మొహమాటం ఊరికే పోదు. ఒంటరిగా వెళ్లడం మీరు అనుకున్నంత వింత కాదు. చాలామంది ఒంటరిగానే వస్తారు. మీరు ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పుడు తిరిగివస్తారో ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్తే చాలు.

ఒంటి సంగతి చూసుకోండి

వేడినీటిలో రక్తనాళాలు వ్యాకోచించి రక్తపోటు పడిపోతుంది. గుండె వేగం పెరుగుతుంది. గుండె జబ్బు ఉన్నవారు, రక్తపోటుకు మందులు వాడుతున్నవారు, గర్భిణులు వైద్యుడిని అడగకుండా వేడి కొలనులోకి దిగకూడదు. మధుమేహం ఉన్నవారికి మరొక జాగ్రత్త అవసరం. పాదాలలో స్పర్శ తగ్గి ఉంటే నీరు ఎంత వేడిగా ఉందో కాలికి తెలియదు కనుక ముందు మోచేతితో చూసుకోవాలి. ఇన్సులిన్ తీసుకునేవారిలో వేడికి మందు ఒంటికి త్వరగా పట్టి చక్కెర పడిపోయే అవకాశం ఉంటుంది. తెరిచి ఉన్న గాయం గానీ, విరేచనాలు గానీ ఉంటే ప్రయాణం వాయిదా వేసుకోవాలి. ఇది మీ కోసమే కాదు, అదే నీటిలో కూర్చునే తక్కినవారి కోసం కూడా. నెలసరి రోజుల్లో టాంపూన్ లేదా కప్పు వాడేవారు దిగవచ్చు. అవి వాడని వారు ఆ రోజులు దాటాక వెళ్లడం మేలు. ఒంటి మీది వెంట్రుకలు తీసుకునే అలవాటు ఉంటే ఆ పని రెండు మూడు రోజుల ముందే పూర్తి చేయండి. అదే రోజు గీసిన చర్మానికి ఖనిజ లవణాల నీరు తగిలితే బాగా మండుతుంది.

సంచిలో ఏముండాలి

తువ్వాళ్లు రెండు ఉండాలి. ఒకటి ఒళ్లు తుడుచుకోవడానికి, రెండవది కూర్చోవడానికి. బట్టలు లేకుండా బల్ల మీద గానీ, కుర్చీలో గానీ, ఆవిరి గదిలోని చెక్క మెట్టు మీద గానీ కూర్చునే ప్రతిసారీ కింద సొంత తువ్వాలు పరుచుకోవడం ఇలాంటి చోట్లన్నింటిలోనూ మొదటి మర్యాద. ముందు వైపు ముడివేసుకునే పొడవాటి నూలు గౌను ఒకటి ఉంటే గదికీ కొలనుకూ మధ్య నడవడం సులభమవుతుంది. గౌను లేకపోతే లుంగీయో, పెద్ద తువ్వాలో సరిపోతుంది. జారని రబ్బరు చెప్పులు, గాజుది కాని నీళ్ల సీసా, టోపీ, జుట్టు ముడివేసుకునే బ్యాండు, రాత్రికి చిన్న టార్చి, చలి ప్రాంతమైతే ఉన్ని బట్టలు పెట్టుకోండి. ఈత దుస్తులు కూడా తప్పక పెట్టుకోండి. వాడాలని కాదు, అవి సంచిలో ఉన్నాయన్న ధైర్యం ఉంటే నిర్ణయం చివరి నిమిషం వరకు మీ చేతిలోనే ఉంటుంది.

వెండి వస్తువులు ఇంట్లోనే వదిలేయండి. చాలా బుగ్గల నీటిలో హైడ్రోజన్ సల్ఫైడ్ కరిగి ఉంటుంది. కుళ్లిన కోడిగుడ్ల వాసన దానిదే. ఆ నీటిలో కొంతసేపు ఉంటే చాలు, కాలి మెట్టెలూ మొలతాడూ నల్లబడిపోతాయి. కళ్లజోడు వాడేవారు ఒక మెత్తని గుడ్డ వెంట ఉంచుకోండి, ఆవిరికి అద్దాలు మాటిమాటికీ మసకబారుతాయి. కాంటాక్ట్ లెన్సులతో నీటిలోకి దిగవద్దు. అత్తరు, కొబ్బరినూనె, ఒంటికి రాసుకునే క్రీములు ఆ రోజు మానుకోండి. ఎండకు రాసుకునే లోషన్ నీటిలో నూనె తెట్టులా తేలుతుంది కనుక చాలా విడిదులు దాన్ని కడుక్కుని దిగమంటాయి. ఎన్నడూ ఎండ తగలని చర్మం ఎత్తైన ప్రదేశంలో అరగంటలో కందిపోతుందన్నదీ నిజమే. ఈ రెంటి మధ్య తేలికైన దారి ఉదయం తొమ్మిదికి ముందో, సాయంత్రం ఎండ వాలాకో స్నానం చేయడం, మధ్యాహ్నం నీడన ఉండటం.

ఫోన్ కొలను దగ్గరకు తేకూడదు. ఫొటోలు తీయకూడదన్నది ఈ విడిదులలో చాలావాటిలో రాజీలేని నియమం. ‘టైము చూసుకుంటున్నాను’ అన్న సమాధానం ఎవరూ వినరు, వినాల్సిన అవసరమూ లేదు. కారులోనో గదిలోనో పెట్టి రండి. ఎలాగూ చాలా లోయలలో సిగ్నల్ అందదు కనుక దారి మ్యాపును, బుకింగ్ కాగితాన్ని బయలుదేరే ముందే దాచుకోండి.

చేరిన తరువాత, మొదటి గంట

వెలుగు ఉండగానే చేరుకోండి. సామాను పెట్టాక, బట్టలతోనే, ఆవరణ అంతా ఒకసారి తిరిగి చూడండి. స్నానపు గదులు ఎక్కడున్నాయి, అవి ఆడవారికీ మగవారికీ వేరా ఉమ్మడివా, బట్టలు తగిలించే కొక్కేలు ఎక్కడ, ఏ కొలను ఎంత వేడి అన్న బోర్డు ఎక్కడ ఉంది, ఏ మెట్టు దగ్గర పట్టుకునే కమ్మీ ఉంది అన్నవి గమనించుకోండి. కళ్లజోడు తీసి దిగేవారు మెట్లు ఎన్నో లెక్కపెట్టుకుంటే మంచిది. ఈ చుట్టూ తిరగడంలో మరో లాభం కూడా ఉంది: ఒంటి మీద ఏమీ లేనివారు పదిమంది మామూలుగా నడిచిపోతుండటం చూశాక, మనసులో ఉన్న బిగువు సగం దానంతట అదే సడలుతుంది.

ఆపైన స్నానపు గదికి వెళ్లి సబ్బుతో ఒళ్లంతా శుభ్రంగా కడుక్కోండి. ఇది లాంఛనం కాదు. చాలా బుగ్గల కొలనులలో క్లోరిన్ కలపరు. అడుగు నుండి కొత్త నీరు వస్తూ ఉంటే పాత నీరు అంచు మీదుగా పొర్లిపోతుంది, అంతే. ఆ నీటిని శుభ్రంగా ఉంచేది దిగేవారి శుభ్రతే. చంకలు, గజ్జలు, పాదాలు ప్రత్యేకంగా కడుక్కోండి. పొడవాటి జుట్టును నీటికి తగలకుండా పైకి ముడివేయండి.

ఇక గదికీ నీటికీ మధ్య ఉన్న ఆ కొద్ది అడుగుల దూరం. అందరూ భయపడేది ఇక్కడే కనుక కాస్త వివరంగా చెబుతాను. తువ్వాలు చుట్టుకుని లేదా గౌను తొడుక్కుని కొలను అంచు వరకు మామూలు నడకతో వెళ్లండి. కొక్కెం దగ్గర చెప్పులు విడిచి, గౌను తగిలించి, కమ్మీని చేతితో పట్టుకుని మెట్టు మీద పాదం పెట్టండి. మొదటి మెట్టు మీద ఒక్క క్షణం ఆగి వేడి ఎంత ఉందో పాదానికి తెలియనివ్వండి. ఆ తరువాత ఒక్కో మెట్టూ దిగుతూ, కాలితో అడుగును తడుముకుంటూ, దగ్గరలోని గోడ వారగా వెళ్లి భుజాల వరకు నీటిలో కూర్చోండి. కొక్కెం వదిలిన క్షణం నుండి కూర్చునే వరకు అరనిమిషం కూడా పట్టదు. నీరు భుజాలకు అందాక మీకూ పక్కవారికీ తేడా ఏమీ ఉండదు. తొందరపడి గబగబా దిగకండి. సిగ్గుతో పరుగుపెట్టేవారే తడి రాతి మీద జారిపడతారు.

అంత ధైర్యం ఆరోజు చిక్కకపోతే ఈత దుస్తులతోనే దిగండి. నీటిలో కూర్చున్నాక తీసి అంచున పెట్టుకునేవారూ ఉన్నారు, రోజంతా వేసుకునే ఉండేవారూ ఉన్నారు. పై భాగం మాత్రమే తీసేసేవారూ ఉంటారు. ఇవన్నీ ‘ఐచ్ఛికం’ అన్న మాటలోకి వస్తాయి. ఉదయం తీసి, సాయంత్రం మళ్లీ వేసుకున్నా ఎవరికీ సంజాయిషీ ఇవ్వనవసరం లేదు.

నీటిలో ఎంతసేపు, ఎలా

వేడినీటి తొట్టెలకు 104 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 40 డిగ్రీల సెల్సియస్, మించకూడదని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది. సహజ బుగ్గలు ఈ హద్దును పట్టించుకోవు; కొన్ని విడిదులలో అన్నింటికంటే వేడి కొలను 110 డిగ్రీల ఫారెన్‌హీట్ కూడా దాటుతుంది. అందుచేత ముందు గోరువెచ్చని కొలనులో పది పదిహేను నిమిషాలు ఉండండి, ఆపైన బయటికి వచ్చి గాలికి కూర్చుని నీళ్లు తాగండి. బాగా వేడి కొలనులో మొదటిసారి రెండు మూడు నిమిషాలు చాలు. తల తేలికగా అనిపించినా, చెవుల్లో హోరు వినిపించినా, వికారం వచ్చినా వెంటనే బయటికి రండి. అయితే ఒక్కసారిగా లేవకండి, ముందు మెట్టు మీద కూర్చుని, కాసేపు ఆగి లేవండి. చాలాచోట్ల వేడి కొలను పక్కనే చల్లనీటి గుండం ఉంటుంది. వేడిలో నుండి చల్లటి నీటిలోకి, మళ్లీ వెచ్చని నీటిలోకి మారడం చాలామందికి ప్రాణం లేచివచ్చినట్టుగా ఉంటుంది గానీ గుండె జబ్బు ఉన్నవారు ఆ ప్రయత్నం చేయకూడదు, తక్కినవారు కూడా పాదాల నుండి మొదలుపెట్టి నెమ్మదిగా దిగాలి. మద్యం తాగి వేడినీటిలోకి దిగడం ఏ పరిస్థితిలోనూ వద్దు.

తల ముంచవద్దు. వెచ్చని మంచినీటిలో నెగ్లేరియా ఫౌలెరి అనే అమీబా పెరుగుతుంది. అది ముక్కులోకి వెళ్లిన నీటి ద్వారా మెదడుకు చేరితే వచ్చే జబ్బు చాలా అరుదు, కానీ దాదాపు ఎప్పుడూ ప్రాణాంతకం. నీరు మింగితే ఈ జబ్బు రాదు, ముక్కే దాని దారి. కనుక మునకలు వేయకుండా, ముఖం మీద చల్లుకోకుండా, పిల్లలుంటే వారిని ఎగిరి దూకనివ్వకుండా ఉంటే సరిపోతుంది.

పక్కవారితో ఎలా ఉండాలి

చూపు ముఖ్యం. కళ్లు గట్టిగా మూసుకునో నేలకేసి చూస్తూనో ఉండనక్కరలేదు. ఎదుటివారు కనబడితే ముఖం వైపు చూసి, తల ఆడించి, చూపు మరల్చుకోండి. ఒకరి ఒంటి మీద చూపు నిలిపి ఉంచడం మాత్రం బట్టలున్నచోట ఎంత తప్పో ఇక్కడ అంతకు రెట్టింపు తప్పు. పొగడ్త కూడా వద్దు. ‘మీ పచ్చబొట్టు బాగుంది’ అన్నది కూడా ఒంటి గురించిన వ్యాఖ్యే.

చోటు ఉన్నంతవరకు ఇతరులకు ఒక చేయి చాచినంత దూరం ఉంచి కూర్చోండి. మౌనం పాటించే కొలనులో గుసగుసలు కూడా వినబడతాయి. తెలుగులో మాట్లాడుకుంటే ఎవరికీ అర్థం కాదు కదా అని మనవారు అనుకుంటారు, అయితే అక్కడ అడ్డమయ్యేది శబ్దమే. మాటలకు వీలున్న కొలనులలో ముందు పలకరింపు, అవతలివారు ముక్తసరిగా జవాబిస్తే అక్కడితో ఆపేయడం పద్ధతి. అడగకుండా ఎవరినీ తాకకూడదు, తెలిసినవారినైనా సరే. దంపతులు కూడా కొలనులో చేతులు పట్టుకోవడం వరకే. ముద్దులు, కౌగిలింతలు చాలాచోట్ల కూడవు, అంతకు మించినవి ఎక్కడైనా నిషేధమే, అలాంటివాటికి సిబ్బంది బయటికి పంపేస్తారు. ఒకరు మరొకరిని చేతుల మీద నీటిలో వెల్లకిలా తేలుస్తూ నెమ్మదిగా ఊపడం కనబడితే ఆశ్చర్యపోకండి. అది వాట్సు అనే చికిత్సా పద్ధతి. 1980లో హెరాల్డ్ డల్ అనే ఆయన హార్బిన్‌లోనే దాన్ని రూపొందించాడు.

మగవారు బయటికి చెప్పుకోలేక లోపల బాధపడే సందేహం ఒకటుంది. శరీరం తనంతట తాను స్పందిస్తే ఏం చేయాలి? నిజానికి ఆ వాతావరణంలో, ఆ వేడిలో అది అరుదు. జరిగితే నీటిలోనే గోడవైపు తిరిగి కూర్చుని ఉండండి, కాసేపటికి తగ్గిపోతుంది. లేదా తువ్వాలు అందుకుని చల్లనీటి గుండం వైపు వెళ్లండి. దాన్ని ఎవరికీ కనబడేలా ఉంచుకోకపోవడమే మర్యాద, అంతకుమించి కంగారు అవసరం లేదు.

ఎవరైనా మీకు ఇబ్బంది కలిగిస్తే, ముఖ్యంగా ఒంటరిగా వెళ్లిన స్త్రీలకు, మొహమాటపడవలసిన పనిలేదు. ‘నాకు మాట్లాడాలని లేదు, థాంక్యూ’ అని ఒక్కసారి స్పష్టంగా చెప్పండి. చిరునవ్వుతో మెత్తబరచవద్దు, కారణాలు చెప్పవద్దు. ఆ తరువాత కూడా వెంటపడితే కొలను మారి, నేరుగా కార్యాలయానికి వెళ్లి చెప్పండి. ‘చిన్న విషయమే కదా’ అని మీరు ఊరుకుంటే అదే మనిషి మరొకరి దగ్గరకు వెళ్తాడు. మంచి విడిది వారు ఇలాంటి ఫిర్యాదును భారంగా భావించరు, వెంటనే మనిషిని పంపుతారు. ఫిర్యాదు విని భుజాలెగరేసే చోటు అయితే సామాను సర్దుకుని వచ్చేయడమే సరైన పని.

తెలిసినవారు ఎదురుపడితే ముఖం చాటేయకుండా, ఒక్క నమస్కారంతో దాటిపొండి. అక్కడ ఎవరిని చూశారన్న సంగతి బయట ఎక్కడా చెప్పకూడదు. ఇది రాసిపెట్టని నియమమే అయినా అందరూ పాటిస్తారు.

అడవి బుగ్గల విషయం

కాలిఫోర్నియాలో బ్రిడ్జ్‌పోర్ట్ దగ్గరి ట్రావర్టీన్ వంటి బుగ్గలు ప్రభుత్వ భూములలో, సిబ్బంది లేకుండా ఉన్నాయి. వాటికి రెండో మూడో విడిదులు చూసిన తరువాత వెళ్లండి. అక్కడ నగ్నంగా స్నానం చేయవచ్చా లేదా అన్నది రాష్ట్రం, కౌంటీ, ఆ భూమి ఏ శాఖ కింద ఉందన్నదాన్ని బట్టి మారుతుంది. బోర్డు చదివి నడుచుకోండి. పిల్లలతో కుటుంబాలు ఉంటే ఈత దుస్తులు వేసుకోవడమే సంస్కారం. సబ్బు వాడవద్దు, గాజు తేవద్దు, తెచ్చిన చెత్త తిరిగి తీసుకువెళ్లండి. నీటి వేడి అక్కడ ఎవరూ కొలిచి ఉండరు. పైన చల్లగా కనిపించే గుంటలో అడుగున ఒళ్లు కాలే ఊట ఉండవచ్చు కనుక ముందు చేతితో చూసుకోకుండా పాదం పెట్టకండి.

బయలుదేరే ముందు

చివరి స్నానం అయ్యాక చర్మం సున్నితంగా ఉన్నవారు మంచినీటితో ఒళ్లు కడుక్కోండి; తక్కినవారు ఖనిజాల నీటిని అలాగే ఆరనివ్వవచ్చు, అయితే గంధకపు వాసన మరుసటి రోజు వరకు జుట్టును వదలదు. ఉప్పు కలిసిన ఆహారం కొంచెం తిని, రెండు గ్లాసుల నీళ్లు తాగండి. ఈ విడిదుల నుండి వచ్చే దారులు చాలావరకు ఇరుకైన ఘాట్ రోడ్లు, కొన్నిచోట్ల మట్టి దారులు. వేడినీటి నుండి నేరుగా స్టీరింగ్ ముందు కూర్చుంటే కళ్లు మూతలు పడతాయి. కనీసం అరగంట నీడలో పడుకుని, లేచి నాలుగడుగులు నడిచి, తల తిరగడం లేదని నిర్ధారించుకున్నాకే కారు తీయండి. రాత్రి దాకా నీటిలో ఉండాలనుకుంటే ముందుగానే అక్కడే ఒక గదో, గుడారం వేసుకునే చోటో బుక్ చేసుకుని, ప్రయాణం మరుసటి ఉదయానికి పెట్టుకోండి.